వంతెనకు పద్నాలుగు మంది సాక్షులు

3, సోమవారం

ఉదయం 9.40కి ఆఫీసుకు ఫోన్ వచ్చింది: కాలువ మీది ఇనుప వంతెనకు వందేళ్లు నిండలేదు, ఎనభై నాలుగే.

చెప్పినావిడ రిటైరైన లెక్కల టీచరు. వయసు డెబ్బై ఎనిమిది. ఈ నెల 21న మున్సిపాలిటీ ఆ వంతెనకు శతజయంతి చేస్తోంది. నల్లరాతి ఫలకం పెట్టి, వంతెన కట్టిన పనివాళ్ల పేర్లు చెక్కిస్తోంది. చెక్కడం 18న మొదలు. కుటుంబాలవాళ్లు తొమ్మిది పేర్లు ఇస్తే ఉత్సవ కమిటీ ఎనిమిది ఉంచి ఒకటి కొట్టేసింది. కొట్టేసింది టీచరుగారి నాన్న పేరు. ఆయన ఆ వంతెనకు రివెట్లు కొట్టాడట. పుట్టిన తేదీ ప్రకారం వందేళ్ల కిందట ఆయనకు ఆరేళ్లు.

"ఆరేళ్లవాడు పలక పట్టుకుంటాడు గానీ సుత్తి పట్టుకుంటాడా టీచరుగారూ అని మున్సిపల్ చైర్మన్ నవ్వాడు బాబూ," అన్నారు. "అతని తీసివేత తప్పు కాదు. ఇచ్చిన అంకె తప్పు. నెట్‌లో అందరూ వందేళ్లనే రాశారంటాడు. తప్పొప్పులు తేల్చేది మీరే కదా, తేల్చండి."

చూసి చెప్తానన్నాను. 'తప్పొప్పులు' కాలమ్ ఇరవై ఆరేళ్లుగా నాది. పేపర్లో ఎవరు తప్పు రాసినా సవరణ నేనే రాస్తాను. తప్పు చేసినవాడిగా నా పేరు అందులో ఒక్కసారీ రాలేదు.

వంతెన వయసు నాకు తెలుసు. వందేళ్లే. అయినా అడిగారు కాబట్టి చూడాలి.

4, మంగళవారం

ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని సెర్చ్ పెట్టెలో ఇలా కొట్టాను: "మా ఊరి కాలువ మీద ఉన్న ఇనుప వంతెనకు వందేళ్లు కాలేదని ఒకావిడ అంటున్నారు ఇది నిజమేనా దయచేసి తెలుపగలరు."

వచ్చినవి: ఒంట్లో ఇనుము తక్కువైతే కలిగే నీరసం. వందేళ్లు బతకడానికి ఏడు అలవాట్లు. ఇనుప గేట్లు, ఇంటికొచ్చి బిగిస్తారు.

వెనక నుంచి మా వియ్యపురాలు చూస్తున్నారని నాకు తెలియదు. కాలికి సిమెంటు కట్టుతో మా ఇంట్లోనే ఉన్నారు, ఎముకల ఆసుపత్రి మాకు దగ్గర కాబట్టి. ముప్పై రెండేళ్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో నంబర్లు చెప్పే సీట్లో కూర్చున్న మనిషి.

"అన్నయ్యగారూ, మీరు ఉత్తరం రాశారు. నంబరు అడగాలి."

"అర్థం కాలేదు చెల్లెమ్మగారూ."

"నాకు ఫోన్లు ఇలాగే వచ్చేవి. మొన్న మా అల్లుడికి జ్వరం వస్తే చూసిన డాక్టరు, మెట్ల కింద గది, కొంచెం పొట్టిగా ఉంటాడు, ఆయన నంబరు కావాలమ్మా అని. పొట్టివాళ్ల జాబితా నా దగ్గర ఉంటుందా? డాక్టరు, ఏ వీధి. రెండే మాటలు. మిగతాదంతా మీ గుండె బరువు, దానికి పనికిరాదు."

వృత్తిలో ముప్పై మూడేళ్లున్నవాడికి ప్రశ్న అడగడం రాదని వియ్యపురాలు చెప్పడం బాగాలేదు. పని ఉందని లేచి వచ్చేశాను.

5, బుధవారం

ఏ పేజీ తెరిచినా పక్కన ఇనుప గేటు. మా ఆవిడ చూసి, మనం గేటు మారుస్తున్నామా అని అడిగింది. లేదన్నాను. మరి ఆ నల్లది బాగుంది కదా అంది.

6, గురువారం

మూడు మాటలు కొట్టాను. ఊరి పేరు, కాలువ, వంతెన. గేట్లు వచ్చాయి. 'గేటు' అనే మాట ముందు మైనస్ గుర్తు పెట్టమన్నారు చెల్లెమ్మగారు, కూరలో కరివేపాకు తీసేసినట్టు తీసేస్తుందని. తీసేసింది. వంతెన పూర్తి పేరును కొటేషన్ల మధ్య పెట్టమన్నారు, ఆ మాటలు ఆ వరసలోనే ఉన్న పేజీలే వస్తాయని. వచ్చాయి.

పద్నాలుగు. మున్సిపాలిటీ పేజీ, రెండు యాత్రా సైట్లు, పోటీ పరీక్షల ప్రశ్నల బ్యాంకు, ఒక బడి పిల్లల వ్యాసం, 'చారిత్రక వంతెనకు రెండు నిమిషాల దూరంలో' ఇళ్ల స్థలాల ప్రకటన, ఇంకా ఎనిమిది. అన్నింట్లోనూ అదే సంవత్సరం. లెక్కవేస్తే సరిగ్గా వందేళ్లు.

ఒక విషయానికి రెండు ఆధారాలుంటే మేం అచ్చువేస్తాం. ఇక్కడ పద్నాలుగు. సాయంత్రం 4.15కి టీచరుగారికి ఫోన్ చేసి, వీలైనంత మెత్తగా చెప్పాను.

ఆమె అంతా విన్నారు. తర్వాత అన్నారు: "నా క్లాసులో ఒకసారి పద్నాలుగు మంది ఒకే తప్పు జవాబు రాశారు బాబూ. అంతమంది రాశారు కదా అని నేను మార్కులు వెయ్యలేదు. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో చూశాను."

పెద్దావిడ. తండ్రి మీద ప్రేమ. అర్థం చేసుకోదగ్గదే.

7, శుక్రవారం

ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూద్దామని, కేవలం ఆమె నోరు మూయించడానికే, పద్నాలుగు పేజీలూ అచ్చుతీసి బల్ల మీద పరిచాను. రెండు పేజీలు మిగతావాటినే ఆధారంగా చూపాయి. ఆ మిగతా పన్నెండింట్లో ఒక వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఉంది: "కాలువ మెడలో వేసిన ఇనుప హారంలా ఈ వంతెన నిలిచింది."

చవకబారు ఉపమానం. ఏ కుర్ర విలేకరో రాసి ఉంటాడు. ఎక్కడో చదివినట్టుంది.

తలనొప్పిగా ఉంది. పెందలాడే ఇంటికి వచ్చాను.

8, శనివారం

తలనొప్పి తగ్గలేదు. కంప్యూటరు తెరవలేదు.

చెల్లెమ్మగారు రెండుసార్లు అడిగారు, హారం సంగతి ఏమైందని. ఆ కాగితాలు బల్ల మీద వదిలేయడం నా పొరపాటు.

9, ఆదివారం

ఉదయం 11.20. ఇక దాచి లాభం లేదు, కనీసం ఇక్కడ.

నేను పేపరు చదువుతుంటే చెల్లెమ్మగారు కట్టు కాలును స్టూలు మీద పెట్టుకుని ఆ హారం వాక్యం మొత్తాన్ని కొటేషన్లలో పెట్టారు. తేదీల పరిమితి ఉండే చోట, ఇరవై ఏళ్ల కింద నుంచి పదిహేనేళ్ల కింద దాకా అని పెట్టారు. ఒకే ఒక్క ఫలితం వచ్చింది.

"దొరికాడు అన్నయ్యగారూ, మొదట రాసినవాడు. పత్తొమ్మిదేళ్ల కిందట, మీ పేపర్లోనే, ఆదివారం అనుబంధంలో. పేరు చదవనా?"

"అక్కర్లేదు."

"బాగా పేరున్న విలేకరే."

"సెర్చ్ చూపించే తేదీని నమ్మకూడదు చెల్లెమ్మగారూ. పేజీ తెరిచి చూడాలి."

తెరిచారు. తేదీ సరిపోయింది. పైన నా ఫొటో కూడా ఉంది, అప్పటి జుట్టుతో. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ఈ ఫొటో బాగుంది, దండ వేయడానికి కాదు గానీ దాచిపెట్టు అంది.

అంటే పద్నాలుగు మంది సాక్షులూ నేనే. వాళ్లు నన్ను చూసి రాశారు. నేను వాళ్లను చూసి నమ్మాను.

10, సోమవారం

రాత్రి బాగా నిద్రపట్టింది. ఆలోచిస్తే, నిన్న అనవసరంగా కంగారుపడ్డాను. అందరూ నన్నే కాపీ కొట్టారంటే నేను తప్పని కాదు కదా. నేను ఎవరినీ కాపీ కొట్టలేదు. వంతెన దగ్గరకు వెళ్లి, నడుం వంచి, మూడో దూలం మీద బిగించిన పోత ఇనుప బిళ్లను కళ్లారా చూసి రాశాను. దాని మీద కంపెనీ పేరు ఉంది, కింద సంవత్సరం ఉంది. ఇనుము అబద్ధం చెప్పదు.

మధ్యాహ్నం వెళ్లి ఆ బిళ్లను ఫొటో తీశాను. శతజయంతికి వంతెనకు రంగు వేస్తున్నారు. రంగులాయన అడిగాడు:

"ఏం పోయింది సార్?"

"ఏం పోలేదు."

"కిందకి అంత వంగి చూస్తుంటే పర్సు పడిందనుకున్నా."

ఫొటోను సెర్చ్‌లో ఎక్కించి, ఇలాంటివి ఎక్కడున్నాయో చూపమన్నాను. బొమ్మతో బొమ్మను వెతకడం నేనే సొంతంగా కనిపెట్టాను. అచ్చం అలాంటి బిళ్లలు వేరే వేరే ఊళ్లలో పదకొండు వంతెనల మీద ఉన్నాయి. ఒక రైలు గోదాము తూకపు యంత్రం మీద, ఒక జంతుప్రదర్శనశాల గేటు మీద కూడా. అన్నింటి మీదా అదే సంవత్సరం.

గొప్ప కంపెనీ. ఒక్క ఏడాదిలో పదకొండు వంతెనలు కట్టింది.

11, మంగళవారం

ఉదయం కాఫీ దగ్గర ఈ కొత్త ఆధారం చెల్లెమ్మగారి ముందు పెట్టాను. ఆమె గ్లాసు కింద పెట్టారు.

"ఒకే ఏడాదిలో పదకొండా?"

"మరి జంతుశాల గేటు కూడా."

"అన్నయ్యగారూ, ఆ స్టవ్వు పక్కన ప్రెషర్ కుక్కరుంది చూడండి. దాని మీద కంపెనీ పేరు కింద ఒక సంవత్సరం ఉంటుంది. ఆ లెక్కన మీ కుక్కరుకు అరవై ఆరేళ్లు. మీ పెళ్లికి ముందే మీ ఆవిడ అన్నం వండుకుంటూ కూర్చుందా?"

మా ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు. పట్టిన కుందేటికి మూడే కాళ్లనడం నాకు అలవాటు లేదు. కాబట్టి 10.30కి మళ్లీ వంతెన దగ్గరకు వెళ్లి, రంగులాయన దగ్గర గీకుడు రేకు అడిగాను.

"ఇంతకీ ఏం పడిందో చెప్పండి సార్, ఇద్దరం వెతుకుదాం."

బిళ్ల మీద ఎన్నో పొరల రంగు. సంవత్సరం పైన, నేను పత్తొమ్మిదేళ్ల కిందట గీకని చోట, గోరంత ఎత్తు అక్షరాల్లో ఒక మాట ఉంది. 'స్థాపితం'.

అది కంపెనీ పుట్టిన సంవత్సరం. వంతెనది కాదు.

రంగులాయన వంగి చదివాడు. "దొరికిందా సార్?"

దొరికిందన్నాను.

12, బుధవారం

నాది తప్పని తేలితే టీచరుగారిది ఒప్పని తేలినట్టు కాదు. ఎనభై నాలుగు అనే అంకెకు ఆమె మాట తప్ప ఆధారం లేదు. 18కి ఇంకా ఆరు రోజులు. కాగితం లేనిదే కమిటీ కదలదు.

ఉదయమంతా వెతికాను. వంతెన పేరు, ఎనభై నాలుగేళ్ల కిందటి సంవత్సరం, నిర్మాణం. ఏమీ లేదు. ప్రారంభం. లేదు. మధ్యాహ్నానికి మళ్లీ ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను: "దయచేసి."

చెల్లెమ్మగారు అడిగారు, ఆ రోజుల్లో దాన్ని ఏమనేవారని.

"ఇనుప వంతెన."

"మీరు ఇప్పుడు అంటున్నది కాదు. అప్పుడు కాగితం మీద రాసినవాడు ఏమని రాశాడు? ఒకాయన 'బట్టతల మావయ్య కొట్టు' నంబరు ఇమ్మని నాతో పావుగంట పోట్లాడాడు. ఊరంతా అలాగే పిలుస్తుందట. పుస్తకంలో ఆయన బట్టతల మావయ్య అని రాయించుకోడు కదా."

టీచరుగారికి ఫోన్ చేశాను. ముందు బిళ్ల సంగతి చెప్పాలి. చెప్పలేదు. పాత పేరు మాత్రం అడిగాను.

"మా అమ్మ 'మిల్లు దారి' అనేది బాబూ. అవతల నూలు మిల్లు ఉండేది. పనివాళ్లు నడవడానికే కట్టారు. ఏం, పద్నాలుగు మందీ ఏమంటున్నారు?"

"వాళ్లు ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు టీచరుగారూ."

"ముందు బెంచీలో ఎవరు?"

ఫోన్ సరిగ్గా వినిపించడం లేదన్నాను. వినిపిస్తూనే ఉంది.

నెట్ మొత్తం కాకుండా ఒక్క సైటులోనే వెతకమని అడిగే పద్ధతి ఉంది. ఊరంతా తిరగకుండా ఫలానా ఇల్లు చూపించడం లాంటిది. జిల్లా పాత రికార్డుల గది సైటు పేరు పెట్టి, "మిల్లు" "కాలిదారి" అని కొట్టాను. 3.50కి ఒక్క వరస వచ్చింది: "మిల్లు కాలిదారి వంతెన, పనివాళ్ల హాజరు పుస్తకం, పెట్టె 212." పక్కనే సంవత్సరం. ఎనభై నాలుగేళ్ల కిందటిది.

లోపలి పేజీలు నెట్‌లో లేవు. పుస్తకాల పేర్లు మాత్రమే ఎక్కించారు. అంటే మనిషి పేరు పెట్టి జన్మంతా వెతికినా దొరకదు. లేచి వెళ్లాలి.

13, గురువారం

రికార్డుల గది. 10.05. గుమాస్తా పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి దుమ్ము ఊదాడు. తాను చేరిన పదిహేడేళ్లలో 212 అడిగిన మొదటివాడిని నేనేనన్నాడు. ఏదైనా ఆస్తి తగాదానా అని అడిగాడు. వయసు తగాదా అన్నాను. ఆడవాళ్లదా అన్నాడు. వంతెనది అన్నాను. పెట్టె నా వైపు తోశాడు.

నలభై ఒక్క పేర్లు. నూట నలభై పనిదినాలు. గళ్లలో చుక్క ఉంటే వచ్చినట్టు, గీత ఉంటే రానట్టు.

ఏడో వరస టీచరుగారి నాన్న. తండ్రి పేరు, వయసు ఇరవై రెండు, పని: రివెట్లు. నూట ముప్పై ఎనిమిది చుక్కలు. రెండు గీతలు. వాటి పక్కన సన్నటి చేతిరాత: "సెలవు. పెళ్లి."

ఇరవై మూడో వరస చైర్మన్ తాతగారు. కమిటీ ఉంచిన ఎనిమిది పేర్ల పత్రంలో ఆయన్ను 'ప్రధాన మేస్త్రీ' అన్నారు. పుస్తకంలో పని: నీళ్లు మోయడం. చుక్కలు పదకొండు.

రెండు పేజీలకూ ఫొటోలు తీసుకుని, ధ్రువీకరించిన నకళ్లు రాయించుకున్నాను.

12.40కి మెట్ల మీద నిలబడి టీచరుగారికి ఫోన్ చేసి చదివి వినిపించాను. రెండు గీతల దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. చదివాను.

"పెళ్లయిన మూడో రోజే సుత్తి పట్టుకుని పోయాడే మీ నాన్న అని అమ్మ సాధిస్తూనే ఉండేది," అన్నారు. "మేం నలుగురం నమ్మలేదు. ఆవిడకు పెంచి చెప్పే అలవాటు ఉండేది."

"పెంచలేదు టీచరుగారూ. రెండు రోజులే."

అవతల ఆమె 'రెండు' అని మెల్లగా తనలో తాను అనుకోవడం వినిపించింది. లైను అంత బాగుంది.

"ఇంతకీ ముందు బెంచీలో ఎవరో చెప్పలేదు," అన్నారు.

చెప్పాను.

"అనుకున్నాను. హారం అని రాసినప్పుడు ఆ ఆదివారం మా ఆయనకు చదివి వినిపించాను కూడా. బాగా రాశాడు, లెక్క రాదు అన్నారాయన."

14, శుక్రవారం

ఎడిటర్ నా దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పటికీ గురువుగారూ అంటాడు. సవరణ చూపించాను. రెండుసార్లు చదివాడు.

"'ఈ పత్రికలో ప్రచురితమైన ఒక వ్యాసంలో' అంటే ఎవరి వ్యాసం గురువుగారూ?"

"పాత వ్యాసం."

"రాసినవాడు పోయాడా?"

పేరు చేర్చాను.

"'చింతిస్తున్నాం' అన్నారు. రాసింది ఒక్కరే కదా?"

ఇవన్నీ ఒకప్పుడు నేను వాడిని అడిగిన ప్రశ్నలే. 'చింతిస్తున్నాను' అని దిద్దాను. గురివింద గింజ కూడా ఎప్పుడో ఒకసారి ఒరిగి తన కింద చూసుకోవాలి.

సాయంత్రం 5కి నకళ్లు తీసుకుని చైర్మన్ గదికి వెళ్లాను. ఏడో వరస చూశాడు. తర్వాత వేలు కిందకు జరుపుతూ పోయి ఇరవై మూడు దగ్గర ఆగాడు.

"పదకొండా?"

"పదకొండు."

"వర్షాలు పడ్డాయేమో."

"మిగతా నలభై మందికి పడలేదు."

సోమవారం ఉదయం కమిటీ పిలుస్తానన్నాడు. టీచరుగారినీ రమ్మన్నాడు. ఎనభై నాలుగేళ్లకు ఎవరైనా శతజయంతి చేస్తారా, ఊరంతా కార్డులు పంచానే అని తల పట్టుకున్నాడు. తప్పు నాదని చెప్పాను. చెప్పాక తేలిగ్గా ఏమీ లేదు, కానీ మెట్లు మామూలుగానే దిగాను.

15, శనివారం

సవరణ రెండో పేజీలో అచ్చయింది. నలభై మూడు మాటలు. విశేషణాలు లేవు.

ఆఫీసులో నేను ప్రూఫ్ దిద్దేవాళ్ల గదిలోకి వెళ్లేసరికి అందరూ ఒకేసారి పని చేయడం మొదలుపెట్టారు.

పద్నాలుగు సైట్లకూ ఉత్తరాలు రాశాను. నకలు జతచేశాను.

16, ఆదివారం

నలుగురు దిద్దారు. ఇళ్ల స్థలాలవాళ్లు సంవత్సరం తీసేసి 'అతి ప్రాచీన' అని పెట్టారు. ప్రశ్నల బ్యాంకు నుంచి జవాబు వచ్చింది:

"అయ్యా, మీరు పంపిన సమాచారం మా ఆధారానికి విరుద్ధంగా ఉంది. ఈ విషయంపై ఎంతో అనుభవమున్న ఒక విలేకరి స్వయంగా పరిశీలించి రాసిన వ్యాసం కింద ఇస్తున్నాము. దయచేసి చదవగలరు."

కింద నా వ్యాసం.

చెల్లెమ్మగారికి చూపించాను. కట్టు కాలు అదిరేలా నవ్వి, నొప్పి పుట్టి ఆగి, మళ్లీ నవ్వారు. "ఆ విలేకరికే రాయండి అన్నయ్యగారూ, మొండివాడిలా ఉన్నాడు."

మళ్లీ రాశాను. ఆ విలేకరిని నేనేనని. ఆధార్ నకలు అడుగుతారేమో.

17, సోమవారం

కమిటీ ఉదయం 11కు కూర్చుంది. శతజయంతి రద్దు. ఫలకం ఉంటుంది. సంవత్సరం మారుతుంది. 21న ఉపన్యాసాలు లేకుండా ఫలకం మాత్రం తెరుస్తారు.

పేర్ల దగ్గర వాదన వచ్చింది. టీచరుగారి నాన్నను చేర్చి తొమ్మిది చాలన్నారు కొందరు. పదకొండు రోజులు వచ్చినవాళ్లను తీసేయాలన్నాడు చైర్మన్ అంటే పడని మెంబరు ఒకాయన. చైర్మన్ నేల చూశాడు.

టీచరుగారు లేచారు.

"పుస్తకంలో నలభై ఒక్క పేర్లున్నాయి. నలభై ఒక్కటీ చెక్కించండి. ఎవరు ఎన్ని రోజులు వచ్చారో రాయి మీద అక్కర్లేదు. ఎండలో నీళ్లు మోసినవాడు లేకపోతే మా నాన్న సుత్తి ఎత్తేవాడా?"

అందరూ సరేనన్నారు. చైర్మన్ స్వయంగా కుర్చీ వెనక్కి లాగి ఆమెను కూర్చోబెట్టాడు. పేర్లు సరిచూసే బాధ్యత నాకు అప్పగించారు. ఆమె వెంటనే, ఆయన దిద్దాక నేనొకసారి చూస్తానన్నారు. అదీ తీర్మానంలో రాశారు.

నలభై ఒక్క పేర్లూ హాజరు పుస్తకం నకలు పక్కన పెట్టుకుని రాసి, ఒక్కొక్కటి వేలు పెట్టి మూడుసార్లు చూశాను. నెట్ తెరవలేదు.

రేపు ఉదయం 9కి రాతి పనివాడు చెక్కడం మొదలుపెడతాడు. రోజుకు పద్నాలుగు పేర్లు. ఏడో పేరు మధ్యాహ్నం ఒంటిగంటకు వస్తుందన్నాడు. టీచరుగారు కుర్చీ తెచ్చుకుని 8.30కే వస్తారు. జాబితాతో నేను 8కి అక్కడ ఉండాలి.